మా రోజుల్లో ఫైలుకు ఊరూ పేరూ ఉండేవి

మొన్న ఈఏపీసెట్ ముందురోజు సాయంత్రం ఒక పిల్లోడు రొప్పుకుంటూ మా అంగడికి వచ్చినాడు. తిరుపతి బాలాజీ కాలనీలో జిరాక్సూ ప్రింటూ తీసే చిన్న అంగడి మాది. ఎస్వీ యూనివర్సిటీ పిల్లోళ్లంతా ఆ దారినే పోతావుంటారు.

"అన్నా, హాల్‌టికెట్ ప్రింటు కావాల. తొందరగా తియ్యన్నా" అన్నాడు.

"యాడుండాది నాయనా?"

"ఫోన్లోనే ఉండాదన్నా."

"ఫోన్లో యాడ?"

పిల్లోడు నా మొహం చూసినాడు. ఆ ప్రశ్న వాడిని అంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. వాట్సాప్ తెరిచి పైకీ కిందికీ తోసినాడు, గ్యాలరీ తెరిచినాడు, మళ్లీ వాట్సాప్‌కే పోయినాడు. "నిన్న ఉండిందన్నా, ఇప్పుడు కనపడల్లేదు" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఫోను నేను తీసుకొని డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచినాను. హాల్‌టికెట్ ఉంది. ఒకటి కాదు, ఐదున్నాయి. మొదటిదాని పేరు మామూలుగా ఉంది, మిగతా నాలుగింటి పేర్ల చివర బ్రాకెట్లో 1, 2, 3, 4 అని వరుస అంకెలు. కనపడనప్పుడల్లా పిల్లోడు మళ్లీ దించుకున్నాడు. ఐదుసార్లు దించుకొని, అది యాడ పడిందో ఒక్కసారీ చూసుకోలేదు. ఇంజినీరింగ్ సీటు కోసం పరీక్ష రాయబోయే బిడ్డ వాడు.

నాకు కోపం వాడి మీద రాలేదు. వాడికి ఇది నేర్పకుండా చేతికి ఫోను ఇచ్చిన మన మీద వచ్చింది.

మా రోజుల్లో ఇట్ల ఉండేది కాదు. ఫైలుకు ఊరూ పేరూ రెండూ ఉండేవి. అది ఉన్న ఫోల్డరు దాని ఊరు. చుక్కా, చుక్క వెనకాల తోకా కలుపుకొని దాని పూర్తి పేరు. ఆ రెండూ మనం చేత్తో కొట్టందే ఫైలు కదిలేది కాదు. ఆ అలవాటు నాకు ఏ పుస్తకం చదివితేనో రాలేదు. ఐఆర్‌సీ చాట్‌లో, నల్లక్షరాల కిటికీలో, నాలుగైదు చిన్న మాటలు కొట్టి ఎవరిదో కంప్యూటరులో ఫైళ్లు వెతుక్కున్న రోజుల్లో వచ్చింది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలైంది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. మద్రాసు, బొంబాయి, కలకత్తా, ఢిల్లీ లాంటి పెద్ద ఊర్లలో ముందు వచ్చింది. అప్పటి మా చిత్తూరు జిల్లా వాళ్లకు అన్నిటికీ దగ్గరి పట్నం మద్రాసే, దీనికీ అదే. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు అనుమతి వచ్చినాక మాలాంటి ఊర్లలో నెట్ సెంటర్లు లేచినాయి. నేను 1999లో పెట్టినాను. నాలుగు కంప్యూటర్లు, ఒక టెలిఫోన్ లైను, ఒక 56కే మోడెం. లైను బాగున్న రోజు సెకనుకు మూడు, మూడున్నర కిలోబైట్లు వచ్చేవి. అంటే ఒక ఎంబీకి ఐదు నిమిషాలు, ఐదు ఎంబీల పాటకు ఇరవై ఐదు నిమిషాలు. కరెంటు పోకుండా, ఫోను లైను తెగకుండా ఉంటే.

ఆ మోడెం మీద బాగా నడిచింది ఐఆర్‌సీ. ఇంటర్నెట్ రిలే చాట్ అని దాని పూర్తి పేరు. 1988 ఆగస్టులో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ దాన్ని తయారుచేసినాడు. 1991లో సోవియట్ దేశంలో తిరుగుబాటు జరిగినప్పుడు మాస్కో వార్తలను జనం దాంట్లోనే ఒకరికొకరు చేరవేసుకున్నారు. 1995లో ఖాలెద్ మర్దమ్-బే విండోస్ కోసం ఎమ్‌ఐఆర్‌సీ అనే ప్రోగ్రాము తెచ్చినాడు. మా నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్ల మీదా అదే ఉండేది. ముందు హ్యాష్ గుర్తు పెట్టి ఛానెల్ పేరు కొడితే ఆ గదిలోకి పోతాము. ఈరోజు పిల్లలు ప్రతి ఫోటో కిందా పెట్టే హ్యాష్‌టాగ్ ఉంది కదా, దాన్ని 2007లో ట్విట్టర్ కోసం క్రిస్ మెస్సీనా సూచించినప్పుడు ఈ ఐఆర్‌సీ ఛానెల్ గుర్తే ఆయన మనసులో ఉంది.

ఎమ్‌ఐఆర్‌సీలో ఫైల్ సర్వర్ అని ఒక ఏర్పాటు ఉండేది. అందరూ ఎఫ్‌సర్వ్ అనేవాళ్లు. ఎవరైనా తన కంప్యూటర్లో ఒక ఫోల్డరును పదిమందికోసం తెరిచిపెడతాడు. ఛానెల్లో అప్పుడప్పుడు ఒక ప్రకటన పడుతుంది: పిలవాలంటే ఏ మాట కొట్టాలి, ఇప్పుడు లోపల ఎంతమంది ఉన్నారు, వరుసలో ఎంతమంది ఉన్నారు. ఆ మాట కొడితే ఆయన కంప్యూటరుకూ మన కంప్యూటరుకూ మధ్య సూటిగా ఒక చాట్ కిటికీ తెరుచుకుంటుంది. దాన్ని డీసీసీ అంటారు. అక్కడినుంచి ఐఆర్‌సీ సర్వరుకు పనిలేదు. సంబంధం కుదిర్చి పక్కకు తప్పుకునే పెళ్లిపెద్ద లాగ, ఇద్దరినీ కలిపి అది తప్పుకుంటుంది.

ఆ కిటికీలో మొదట ఇంటాయన రాసిపెట్టిన స్వాగతం వస్తుంది. దాంతోపాటు మనం వాడదగిన మాటలు ఒకే వరుసలో: సీడీ, డిర్, ఎల్ఎస్, గెట్, రీడ్, హెల్ప్, ఎగ్జిట్. ఏడు మాటలు. బొమ్మ లేదు, బటన్ లేదు, మౌసుకు పని లేదు.

డిర్ కొడితే ఆ ఫోల్డర్లో ఉన్నవాటి పేర్లు, సైజులు వరుసగా దిగుతాయి. సీడీ అని పక్కన ఫోల్డరు పేరు కొడితే లోపలికి పోతాము. సీడీ పక్కన రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు వెనక్కి వస్తాము. ఎల్ఎస్ కొట్టినా పేర్లే, కాకపోతే అడ్డంగా పక్కపక్కన. గెట్ అని ఫైలు పేరు కొడితే ఫైలు బయల్దేరుతుంది. రీడ్ అని కొడితే టెక్స్టు ఫైలును దించుకోకుండా అక్కడే చదువుకోవచ్చు, ఇరవై లైన్లు చూపి ఆగుతుంది, సీ కొడితే ముందుకు పోతుంది, ఎస్ కొడితే చాలించుకుంటుంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా, మధ్యలో గీత మరిచినా, తోక వదిలేసినా ఫైలు రాదు. పేరు సరిగా లేదని చెప్పి ఊరుకుంటుంది. ఊహించి సరిదిద్దే పని అది పెట్టుకోదు. సరిగా అడగడం మన బాధ్యత.

ఒక రాత్రి సంగతి చెప్తాను. ఎంసీఏ చదివే పిల్లోడొకడు మా సెంటరుకు రోజూ వచ్చేవాడు. పుత్తూరు పక్క పల్లె వాడిది. కంప్యూటరులో లినక్స్ ఎక్కించుకున్నాడు కానీ మోడెం పని చేయడం లేదు. లినక్స్ హౌటూ అని పేరున్న పత్రాలు ఉండేవి, ఒక్కో విషయానికి ఒక్కోటి, అన్నీ మామూలు టెక్స్టు ఫైళ్లు. అమెరికాలో ఉండే ఒక తెలుగాయన తన ఎఫ్‌సర్వ్‌లో అవి పెట్టినాడని తెలిసింది. మనకు రాత్రి పది, ఆయనకు పొద్దున. మాట కొట్టినాము, కిటికీ తెరుచుకుంది. డిర్. డాక్స్ అని ఒక ఫోల్డరు. సీడీ డాక్స్. లోపల లినక్స్. సీడీ లినక్స్. ఆయన ప్రతి ఫోల్డరుకూ లోపల ఏముందో రెండు మూడు లైన్లు రాసిపెట్టినాడు, అడుగు పెట్టంగానే అవి కనపడతాయి. పిల్లోడు మోడెం పత్రాన్ని రీడ్ కొట్టి చదివినాడు. ఇరవై లైన్లు, సీ. ఇరవై లైన్లు, సీ. తనకు కావలసింది అదేనని నిక్కచ్చి చేసుకున్నాకనే గెట్ కొట్టినాడు. ఇరవై సెకన్లలో వచ్చింది. ఫ్లాపీలో వేసుకున్నాడు. పోయే ముందు కిటికీలో థ్యాంక్స్ అని కొట్టి ఎగ్జిట్ కొట్టినాడు. మరుసటి రోజు మోడెం పలికిందని చెప్పను పరుగెత్తుకొని వచ్చినాడు.

ఆ పదిహేను నిమిషాల్లో వాడు ఎన్ని పనులు చేసినాడో చూడండి. యాడున్నాడో తెలుసుకొని అడుగేసినాడు. ఏముందో చూసి, చదివి, ఎంచుకొని, పేరు పెట్టి అడిగినాడు. తెచ్చుకున్నదాన్ని ఒక చోట భద్రం చేసినాడు. ఇచ్చినాయనకు మర్యాద చెప్పి బయటికి వచ్చినాడు. ఈరోజు వీటిలో ఏ ఒక్కటీ పిల్లోడు చేయనక్కర్లేదు. అందుకే ఏ ఒక్కటీ రావడం లేదు.

అట్లని అంతా మంచే జరిగిందని చెప్పను. ఎఫ్‌సర్వ్‌లను చాలామంది సినిమా పాటలకూ, కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను ఊరికే దించుకోవడానికీ వాడినారు. అది న్యాయం కాదు, అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. నేను చెప్పేది ఆ సరుకు గురించి కాదు, ఆ నడక గురించి.

వరుసలో నిలబడటం కూడా ఆ నడకలో భాగమే. ఒక మనిషి మోడెం మీద ఒకేసారి ఇద్దరికో ముగ్గురికో ఇవ్వగలడు. మిగతావాళ్లు వరుసలో ఉండాలి. నీ వంతు ఏడు అని వస్తుంది, కాసేపటికి ఆరవుతుంది. తిరుపతిలో పుట్టినవాడికి క్యూ గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటులో కూర్చున్నవాడికి ముందు ఎంతమంది ఉన్నారో తెలుసు, తలుపు తీస్తే తన వంతు వస్తుందని తెలుసు. వరుస తోసుకొని పోయేవాడిని అక్కడా తిట్టేవాళ్లు, ఇక్కడా ఛానెల్‌నుంచి బయటికి నెట్టేవాళ్లు. వేచి ఉండే ఆ పది నిమిషాల్లో ఇది నాకు నిజంగా కావాలా అని మనిషి ఆలోచించుకునేవాడు. ఇప్పుడు వేలు తగిలితే వచ్చి పడుతుంది కాబట్టి, కావాలా వద్దా అనే ప్రశ్నే పుట్టడం లేదు. ఫోన్లో 128 జీబీ నిండిపోయిందని పిల్లోళ్లు మా అంగడికి వస్తారు. చూస్తే అందులో సగం వాళ్లు ఒక్కసారీ తెరవని ఫైళ్లే.

ఇంకొకటి చెప్పాల. లైను తెగినప్పుడు మేము మొదటికి పోయేవాళ్లం కాదు. డీసీసీలో రెజ్యూమ్ అని ఉండేది. నాలుగు ఎంబీల ఫైలులో మూడు వచ్చినాక కరెంటు పోయిందనుకోండి. వచ్చిన మూడు ఎంబీల ముక్క మన ఫోల్డర్లో అట్లే ఉంటుంది. మళ్లీ పోయి అదే పేరుతో అడిగితే తెగిన చోటినుంచి అందుకుంటుంది. కాకపోతే ఒక షరతు: ఆ ముక్క యాడుందో మనకు తెలియాలి, దాని పేరు మార్చకుండా ఉంచాలి. అందుకని మా సెంటర్లో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. తేదీ, ఛానెల్ పేరు, ఫోల్డరు దారి మొదటి గీతనుంచి చివరిదాకా, ఫైలు పేరు తోకతో సహా, ఎంతవరకు వచ్చింది, అన్నీ వచ్చినవాళ్లతోనే రాయించేవాణ్ణి. కిరాణా అంగట్లో అప్పుల పద్దు ఎంత జాగ్రత్తగా రాస్తారో అంత జాగ్రత్తగా. తరువాత వారం వచ్చినవాడు నోట్‌బుక్ తిరగేసి ఆగిన చోటునుంచి మొదలుపెట్టేవాడు.

ఆ తోక సంగతి కూడా వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాంట్లో జనం డబ్బు ఉంది. 2000 మే నెలలో లవ్ లెటర్ అనే వైరసు ప్రపంచమంతా తిరిగింది. ఈమెయిల్లో వచ్చింది, ఎమ్‌ఐఆర్‌సీ ద్వారా కూడా పాకింది. ఈమెయిల్లో వచ్చిన ఆ ఫైలు పేరు చూస్తే చివర టీఎక్స్‌టీ అని ఉంటుంది, మామూలు ఉత్తరం అనుకుంటారు. దాని వెనకాల ఇంకొక తోక, వీబీఎస్ అని. అది ఉత్తరం కాదు, నడిచే ప్రోగ్రాము. విండోస్ ఆ రెండో తోకను దాచిపెట్టేది. పేరును పూర్తిగా చేత్తో కొట్టే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం చుక్క వెనకాల ఏముందో చూడకుండా చెయ్యి కదలదు. గెట్ కొట్టాలంటే తోక తెలియాలి కదా. మా సెంటర్లో ఈఎక్స్ఈ, వీబీఎస్ అని ఉంటే ముట్టుకోవద్దని గోడమీద రాసి అతికించినాను.

ఇరవై ఐదేళ్లు గడిచినాయి. ఇప్పుడు వాట్సాప్‌లో పెళ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని, బ్యాంకు కేవైసీ అని ఫైళ్లు వస్తున్నాయి. వాటి తోక ఏపీకే. అంటే అది పత్రికా కాదు, చలానా కాదు. ఫోన్లో ఎక్కి కూర్చొని ఓటీపీలు చదివే ప్రోగ్రాము. పోలీసులు చెప్తానే ఉన్నారు, పేపర్లలో వస్తానే ఉంది, జనం నొక్కుతానే ఉన్నారు. మా వీధిలో ఒక రిటైరయిన మాస్టారు అట్ల నొక్కి దాచుకున్న డబ్బు పోగొట్టుకున్నాడు. ఆయనకు చదువు లేక కాదు. ఫైలు పేరును చివరిదాకా చదవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చుక్క వెనకాల మూడక్షరాలు చదివి ఉంటే ఆ డబ్బు ఈరోజు ఆయన ఖాతాలో ఉండేది. ఒకవేళ మీకు అట్ల జరిగితే సిగ్గుపడకుండా ఆ నిమిషమే 1930కు ఫోను చేయండి, సైబర్ నేరాల సహాయ నంబరు అది.

ఇప్పటి పిల్లలకు కూడా చాట్‌లో ఫైళ్లిచ్చే ఏర్పాటు లేకపోలేదు. టెలిగ్రామ్ 2013లో వచ్చింది, 2015లో దాంట్లో బాట్లు వచ్చినాయి. గ్రూప్-2 చదివే పిల్లలు నోట్సుల కోసం అందులోనే తిరుగుతారు. ముందు ఏటవాలు గీత పెట్టి స్టార్ట్ అని కొట్టాలి. ఆ గీత ఐఆర్‌సీలో జాయిన్ అనడానికీ, క్విట్ అనడానికీ మేము పెట్టిన గీతే. కానీ బాట్‌కు ఏదో ఒక మాట విసిరితే ఫైలు ఒళ్లో వచ్చి పడుతుంది. అది ఎవరి దగ్గరినుంచి వచ్చింది, ఏ ఫోల్డర్లో ఉండింది, దాని పక్కన ఇంకేమున్నాయి, ఎప్పటిది, ఎవరు రాసింది, ఏదీ తెలియదు. పాత సిలబస్ నోట్సును కొత్తదనుకొని మూడు నెలలు చదివిన అమ్మాయిని నేను చూసినాను. మా ఎఫ్‌సర్వ్‌లో ఫోల్డర్లు దాటుకొని పోయేవాళ్లం కాబట్టి పక్కన ఇంకా ఏమున్నాయో కంటపడేది. మోడెం పత్రం కోసం పోయినవాడికి ప్రింటరు పత్రం కూడా అక్కడ ఉందని తెలిసేది. వీధిలో నడిచిపోయేవాడికి ఊరు తెలుస్తుంది. కళ్లకు గంతలు కట్టి బండిలో దించితే ఇల్లు చేరుతాడు గానీ దారి తెలియదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2021లో ది వర్జ్ అనే అమెరికా వెబ్ పత్రికలో అక్కడి ప్రొఫెసర్లు ఇదే మొరపెట్టుకున్నారు. ఫైలు ఏ ఫోల్డర్లో పెట్టినావు అంటే విద్యార్థులకు ప్రశ్నే అర్థం కావడం లేదని, సైన్సు చదివే పిల్లలకు కూడా ఫోల్డర్లో ఫోల్డరు అనే ఊహ లేదని వాళ్లు చెప్పినారు. అక్కడే అట్లుంటే, ఫోనునే మొదటి కంప్యూటరుగా చూసిన మన పల్లె పిల్లల సంగతి చెప్పాలా?

పిల్లలే కాదు, పెద్దవాళ్లదీ అదే అవస్థ. చంద్రగిరి పక్కనుంచి ఒక రైతు వచ్చినాడు. లోను కోసం వన్-బీ, అడంగల్ కావాల. ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినారట. గుడ్ మార్నింగ్ బొమ్మలూ, దేవుడి ఫోటోలూ, మనవరాలి వీడియోలూ అన్నిటి మధ్యలో ఆ భూమి కాగితం ఉంది. ముక్కాలు గంట వెతికినాము. దొరికినాక ఆయన ఫోన్లో భూమి అని ఒక ఫోల్డరు చేసి, అందులో వేసి, పేరు మార్చి, తెరిచి చూపించినాను. "ఇంత సులువా సామీ, ఎవురూ చెప్పలేదే" అన్నాడు. ఆయన ఇంట్లో దస్తావేజులు ట్రంకు పెట్టెలో, ఎర్రగుడ్డలో చుట్టి, ఏ మడతలో ఏది ఉందో తెలిసి పెట్టుకున్న మనిషే. ఫోన్లోకి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎట్ల చేయాలో చూపినవాళ్లు లేరు.

ఉన్న చోటు తెలియకపోతే ఉన్నా లేనట్టే. ఈ మాట తిరుపతి వాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. తిరుమల గుళ్లో సంకీర్తన భాండారం అని చిన్న అర ఉంది. తాళ్లపాక అన్నమయ్యవీ, ఆయన వంశం వాళ్లవీ కీర్తనలు చెక్కిన రాగిరేకులు, రెండు వేలకు పైగా, అందులో శతాబ్దాల పాటు అట్లే పడి ఉన్నాయి. గుడికి రోజూ వేలమంది వచ్చి పోయినారు. ఆ అరలో ఏముందో పట్టించుకున్నవాళ్లు లేరు కాబట్టి ఆ పాటలు జనానికి లేవు. గత శతాబ్దం మొదట్లో వాటిని వెలికి తీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు రేకు రేకూ చదివి, పరిష్కరించి, అచ్చు వేయించబట్టి ఈరోజు మన ఇళ్లలో వినపడుతున్నాయి. రేకు నంబరు, కీర్తన నంబరు అని ఇప్పటికీ చెప్తారు. దాచినవాళ్లు రాగిమీద చెక్కి దాచినారు, చదివినవాళ్లు వరుసగా అచ్చుకెక్కించినారు. వరుసా గుర్తూ ఉంటేనే సంపద సంపదగా మిగులుతుంది.

ఈ కాలంలో మంచి లేదని నేను అనను. ఆ రోజుల్లో మేము ఎఫ్‌సర్వ్‌లో రీడ్ కొట్టి చదివిన తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు తయారుచేసిన ఆర్టీఎస్ పద్ధతి అది. పెద్ద అక్షరానికి ఒక పలుకు, చిన్న అక్షరానికి ఒక పలుకు. దూరదేశంలో ఉన్న తెలుగువాళ్లు ఆ పద్ధతిలోనే పద్యాలు కొట్టి పెట్టుకున్నారు, మేము ఓపిగ్గా కూడబలుక్కొని చదివినాము. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి తెరమీద తెలుగు తెలుగుగా కనపడిన రోజు నాకు పండగే. ఈరోజు కుప్పంలో ముసలమ్మ ఫోన్లో వేలు పెట్టి మనవడితో మాట్లాడుతుంది, తెలుగులోనే వార్త చదువుకుంటుంది. ఆమెను డిర్ కొట్టమని ఎవరూ అడగకూడదు. ఆ సులువు ఆమెకు దక్కాల్సిందే.

కానీ చదువుకునే బిడ్డ సంగతి వేరు. రేపు కంప్యూటర్ల మీదే బతకబోయే బిడ్డ వాడు. ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది, గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉంది. 2015లో ఐఐటీ తిరుపతికి వచ్చినప్పుడు మా పిల్లలకు ఇంటి ముందరికే చదువు వచ్చిందని మేమంతా సంతోషించినాము. అక్కడ పెద్ద పెద్ద లెక్కలు చేసే కంప్యూటర్లలో బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్ల తెర, మెరిసే గీత, సీడీ, ఎల్ఎస్. ఐఆర్‌సీలో మేము కొట్టిన ఆ మాటలు యూనిక్స్‌నుంచి వచ్చినవి, దశాబ్దాలు గడిచినా పరిశోధనశాలల్లో అవే మాటలు. హాల్‌టికెట్ యాడుందో తెలియని బిడ్డ అక్కడికి పోయి ఆ తెర ముందు కూర్చున్నప్పుడు ఎంత బెదురుతాడో నేను ఊహించగలను.

అందుకని అమ్మానాన్నలకూ, బడిలో కంప్యూటరు చెప్పే మాస్టర్లకూ నా విన్నపం ఒకటే. బొమ్మల ప్రాజెక్టులు తర్వాత చేయించండి. ముందు పిల్లోణ్ణి కూర్చోబెట్టి విండోస్ కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిపించండి. డిర్ కొట్టించి యాడున్నాడో చూపించండి. సీడీ కొట్టించి ఫోల్డర్లోకి పంపించండి, రెండు చుక్కలు పెట్టి బయటికి రప్పించండి. ఫైలు పేరును తోకతో సహా గట్టిగా చదివించండి. ఏదైనా దించుకుంటే యాడ పడిందో, దాని పేరేమో ఒక నోట్‌బుక్కులో రాయించండి. రోజుకు అరగంట చొప్పున వారం రోజులు చాలు. ఫోను అడిగినప్పుడల్లా ఒకే ప్రశ్న అడగండి: ఫైలు యాడుంది నాయనా?

డిర్, సీడీ. ఆ రెండు మాటలు ఈరోజుకీ ప్రతి విండోస్ కంప్యూటర్లోనూ పనిచేస్తాయి.